చైనా అదృష్ట సూత్రాల వ్యాసంలో రాని సగం

సంపాదకుల వారికి నమస్కారం.

మంచితనానికీ అదృష్టానికీ ఉన్న సంబంధం గురించి ప్రాచీన చైనా పెద్దలు ఏం చెప్పారో వివరిస్తూ మీ ఆదివారం పేజీల్లో వచ్చిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాసిన వ్యాసమే. యువాన్ లియావోఫాన్ జీవితం, గుర్రం తప్పిపోయిన ముసలాయన కథ, మంచి చేసిన ఇంటికి మంచే జరుగుతుందన్న పాత వాక్యం, అన్నీ క్లుప్తంగా చెప్పారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఎవరినైనా కష్టాలు వదలకుండా వెంటాడుతున్నాయంటే వాళ్ల మంచితనంలో ఎక్కడో లోటు ఉన్నట్టే అనే అర్థం వచ్చేలా చివర్లో ఒక వాక్యం ఉంది. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే. చెప్పాల్సింది చాలా ఉంది కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నా ఉద్యోగమంతా ఆడిట్‌లోనే గడిచింది. రిటైరయ్యాక చైనా పాత గ్రంథాల అనువాదాలు చదవడం అలవాటైంది. నన్ను మొదట అటు లాగినవి అక్కడి పుణ్యపాపాల ఖాతా పుస్తకాలు. ఏ రోజు ఏ మంచి చేశాం, ఏ చెడు చేశాం అని రాత్రిపూట పద్దు రాసుకోవాలి. నెలాఖరుకి కూడాలి. ఏడాది చివర తేల్చుకోవాలి. ఇప్పుడు దొరుకుతున్న వాటిలో బాగా పాతది 1171 నాటిది, తావో మార్గంలో (అది చైనాలోని ఒక పాత మత సంప్రదాయం) ఉన్న ఒక సాధకుడిది. అందులో 36 రకాల పుణ్యాలు, 39 రకాల పాపాలు ఉన్నాయి. తీవ్రమైన జబ్బుతో ఉన్న మనిషిని కాపాడితే 10 పుణ్యాలు, చిన్న జబ్బు నయం చేస్తే 5. రోగి ఇంటివాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకుంటే మాత్రం ఆ పుణ్యం పద్దులోకి రాదు. ఖాతా రాసేది ఎవరో, తనిఖీ చేసేది కూడా వాళ్లే. జీవితమంతా ఇతరుల లెక్కలు తనిఖీ చేసిన నాకు ఆ ఒక్క ఏర్పాటు చాలాకాలం మనసులోంచి పోలేదు.

లియావోఫాన్ కూడా ఇలాంటి ఖాతాతోనే ప్రసిద్ధుడయ్యాడు. మీ వ్యాసంలో ఆయనకు దక్కింది నాలుగైదు వాక్యాలు. మంచి పనులు చేశాడు, తలరాత మారింది అని ముగించారు. అసలు కథ అంతకంటే ఎంతో బాగుంటుంది.

ఆయన మింగ్ వంశం పాలిస్తున్న రోజుల్లో, 1533లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఉద్యోగ పరీక్షల చదువు ఆపేసి వైద్యం నేర్చుకోమంది తల్లి. బతుకుదెరువూ అవుతుంది, నలుగురికీ మేలూ జరుగుతుందని ఆమె ఆలోచన. అలాంటి సమయంలో కోంగ్ అనే ఇంటిపేరున్న ఒక ముసలి జ్యోతిష్కుడు ఎదురై, నువ్వు అధికారివి కావలసినవాడివి, చదువు ఎందుకు మానేశావు అన్నాడు. జిల్లా స్థాయి పరీక్షల్లో నీకు 14వ స్థానం, ఆ పైదాంట్లో 71, విద్యాధికారి పెట్టే పరీక్షలో 9 అని ముందే చెప్పాడు. మూడూ అంకెతో సహా నిజమయ్యాయి. ఆ తర్వాత జీవితమంతా లెక్కగట్టి ఇచ్చాడు. సిచువాన్‌లో ఒక పదవి వస్తుంది, మూడున్నరేళ్లు చేస్తావు, 53వ ఏట ఫలానా నెల ఫలానా రోజున పోతావు, కొడుకులు ఉండరు.

చెప్పినవి ఒక్కొక్కటీ జరుగుతూ పోయేసరికి ఆ యువకుడు ఇక దేనికోసమూ ఆశపడటం మానేశాడు. కోరుకున్నా రాదు, వద్దనుకున్నా ఆగదు అన్నప్పుడు కోరికే దండగ అనుకున్నాడు. 1569లో నాన్‌జింగ్ దగ్గర చీషియా కొండ మీద యుంగు అనే చాన్ (ధ్యాన బౌద్ధ) గురువు దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ మూడు పగళ్లు, మూడు రాత్రులు నిద్ర లేకుండా ఎదురెదురుగా కూర్చున్నారు. ఒక్క అల్లరి ఆలోచన కూడా లేకుండా ఎలా కూర్చోగలిగావని గురువు అడిగాడు. నా బతుకంతా ముందే లెక్కగట్టేశారు, ఇక ఆలోచించడానికి ఏముంది అన్నాడు లియావోఫాన్. యుంగు నవ్వేశాడు. నువ్వు గొప్పవాడివేమో అనుకున్నాను, మామూలు మనిషివే అన్నాడు.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. జాతకానికి పూర్తిగా లొంగిపోయి నిశ్చలంగా కూర్చున్న మనిషిని చూసి, అది శాంతి కాదని గుర్తుపట్టాడు ఆ గురువు. తర్వాత ఆయన ఇచ్చింది మంత్రమూ కాదు, తాయెత్తూ కాదు. పరీక్ష గెలవడానికి, కొడుకు పుట్టడానికి నీకు అర్హత ఉందనుకుంటున్నావా, నువ్వే చెప్పు అని అడిగాడు. లియావోఫాన్ చాలాసేపు ఆలోచించి లేదన్నాడు. తన లోపాలు ఒక్కొక్కటీ బయటపెట్టాడు. ఓపిక లేదు. కోపం ఎక్కువ. తెలివితేటలతో ఎదుటివాళ్లను చిన్నబుచ్చుతాడు. మాటలు ఎక్కువ. తాగుతాడు. రాత్రంతా మేలుకుని ఒళ్లు పాడుచేసుకుంటాడు. అతి శుభ్రత వల్ల దేన్నీ, ఎవరినీ దగ్గరికి రానివ్వడు. జోస్యం గురించి మొదలైన సంభాషణ అలా స్వభావం మీదికి మళ్లింది.

మూడు వేల మంచి పనులు చేస్తానని మొక్కుకుని, ఖాతా మొదలుపెట్టాడు. అవి పూర్తవడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఆయన భార్యకు రాయడం రాదు. మంచి పని చేసిన ప్రతిసారీ బాతు ఈక గొట్టాన్ని ఎర్రరంగులో అద్ది క్యాలెండర్ మీద ఒక గుండ్రటి ముద్ర వేసేది. ఆ ఎర్ర ముద్రల క్యాలెండర్ గురించి చదివాక లియావోఫాన్ కంటే ఆమె మీదే నాకు గౌరవం పెరిగింది. కొడుకు 1581లో పుట్టాడు. తర్వాత పది వేల మంచి పనులు చేస్తానని ఇంకో మొక్కు. 1586లో ఆయన అన్నిటికంటే పెద్ద పరీక్ష నెగ్గాడు, బావోదీ అనే చోట అధికారి అయ్యాడు.

అక్కడ భార్యకు ఒక దిగులు పట్టుకుంది. ఊళ్లో ఉన్నప్పుడు ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేసేవాళ్లం, ఇప్పుడు అధికారి ఇంట్లో కూర్చుంటే చేసే అవకాశమే లేదు, పది వేలు ఎప్పటికి పూర్తవుతాయి అంది. ఆ రాత్రి ఆయనకు కలలో ఒక దేవత కనిపించి, పొలాల మీద పన్ను తగ్గించావు కదా, ఆ ఒక్కదానితోనే పది వేలూ పూర్తయ్యాయని చెప్పిందట. కలను నమ్మాలా వద్దా అన్నది పక్కన పెట్టండి, లెక్క మాత్రం ఆయనే రాసి ఇచ్చాడు. బావోదీలో ఒక్కో ‘ము’ (అక్కడి భూమి కొలత) పొలానికి 2.37 ఫెన్‌ల (ఫెన్ అంటే ఒక చిన్న తూకం) వెండి పన్ను ఉండేది. దాన్ని 1.46కి తగ్గించాడు. అంటే 38 శాతం తగ్గింపు. ఒక రైతు ఇంట్లో అది ఎంత తేడా తెస్తుందో లెక్కల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వ్యక్తిగత పుణ్యం కూడబెట్టుకుంటూ వచ్చిన మనిషి, తన సంతకం ఒక్కటి వేలమందికి మేలు చేయగలదని అక్కడ తెలుసుకున్నాడు. మీ వ్యాసంలో ఈ పన్ను మాట రాలేదు. వచ్చి ఉంటే ‘మంచి పనులు’ అన్న మాటకు బరువు వచ్చేది.

69వ ఏట ఇదంతా కొడుకు కోసం రాశాడు. ఏది మంచి, ఏది మంచిలా కనిపించే చెడు అని అందులో పేజీలకు పేజీలు తర్కించాడు. కన్ఫ్యూషియస్ శిష్యుల కథ ఒకటి అందులో చెబుతాడు. పరాయి రాజ్యాల్లో బానిసలుగా చిక్కుకున్న తమవాళ్లను ఎవరైనా విడిపించి తెస్తే లూ రాజ్యం ఆ ఖర్చు తిరిగి ఇచ్చేది. ధనవంతుడైన జిగోంగ్ ఒకరిని విడిపించి, ఆ డబ్బు నాకు వద్దన్నాడు. మనం చప్పట్లు కొడతాం. కన్ఫ్యూషియస్ మాత్రం తప్పుపట్టాడు. డబ్బు తీసుకోవడం చిన్నతనమని నువ్వు చూపించావు, రాజ్యంలో డబ్బున్నవాళ్లు తక్కువ, ఇక ఎవరు విడిపిస్తారు అన్నాడు. ఇంకో శిష్యుడు జిలూ నీళ్లలో మునిగిపోతున్న మనిషిని కాపాడాడు. ఆ మనిషి కృతజ్ఞతగా ఎద్దునిస్తే పుచ్చుకున్నాడు. దానికి గురువు సంతోషించాడు, ఇక మీదట జనం మునిగేవాళ్లను కాపాడతారని. నా పేరు ఎంత పెరిగింది అన్నది కాకుండా నా పని చూసి రేపు ఇంకొకరు ఏం చేస్తారు అన్నది ఇక్కడ కొలత.

ఇంకొక కథ కూడా ఉంది. ఒక పేద అమ్మాయి గుడికి వెళ్లి దగ్గరున్న రెండు నాణేలూ ఇచ్చేసింది. ప్రధాన భిక్షువు తనే వచ్చి ఆమె కోసం ప్రార్థన చేశాడు. తర్వాత ఆమె రాజభవనంలో చేరి, సంపన్నురాలై, వేలు పట్టుకొచ్చింది. ఈసారి ఆయన శిష్యుణ్ణి పంపాడు. ఎందుకని అడిగితే, అప్పుడు ఇచ్చింది చిన్నదే అయినా నీ మనసు అందులో నిండుగా ఉంది, నేనే రాకపోతే రుణం తీరేది కాదు, ఇప్పుడు ఆ మనసు లేదు, ఇంకొకరు చేస్తే సరిపోతుంది అన్నాడు. ఇలాంటివి చెప్పిన మనిషిని ‘ఇంత చేస్తే ఇంత వస్తుంది’ అనే సూత్రానికి ప్రచారకర్తగా చూపించడం న్యాయం కాదు.

ఇక ఆ చివరి వాక్యానికి వస్తాను. మా తమ్ముడు బళ్లో లెక్కలు చెప్పేవాడు. ఫీజు కట్టలేని పిల్లల్ని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి చెప్పేవాడు. కిడ్నీ జబ్బుతో నలభై దాటీ దాటకుండానే పోయాడు. పలకరించడానికి వచ్చిన ఒక పెద్దావిడ, ఏ జన్మలో ఎవరికి ఏం చేశామో వదినా, మనకేం తెలుస్తుంది అంది మా అమ్మతో. ఓదార్పు అనుకునే అంది, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్వాత చాలాకాలం అమ్మ తన తప్పులు వెతుక్కుంటూ కూర్చుంది. ఎవరి మీద విసుక్కుందో, ఎవరు సాయం అడిగితే లేదందో, ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని ఏడ్చేది. బిడ్డ పోయిన దుఃఖం మీద ఈ నేరభారం ఒకటి. మీ వ్యాసంలో ఆ వాక్యం చదవగానే నాకు మా అమ్మ మొహమే కనిపించింది.

చైనా జ్ఞానం పేరుతో ఆ మాట చెప్పడం ఇంకా బాధ కలిగించింది, ఎందుకంటే ఆ జ్ఞానంలో అందరికంటే పెద్దవాడు అలా మాట్లాడలేదు. కన్ఫ్యూషియస్ శిష్యుల్లో రాన్ బోనియు అనే సుగుణవంతుడు ఉండేవాడు. ఆయనకు నయం కాని జబ్బు చేసింది. గురువు చూడటానికి వెళ్లి, కిటికీలోంచి చెయ్యి పట్టుకుని, ఇలాంటి మనిషికి ఇలాంటి జబ్బా, ఇలాంటి మనిషికి ఇలాంటి జబ్బా అని రెండుసార్లు అన్నాడు. విధి అన్నాడు తప్ప శిష్యుడి తప్పు అనలేదు. అందరికంటే ప్రియమైన శిష్యుడు యాన్ హుయి కటిక పేదరికంలో బతికి చిన్న వయసులోనే పోయాడు. దేవుడు నన్ను నాశనం చేశాడని ఏడ్చాడు కన్ఫ్యూషియస్. మీరు మరీ ఎక్కువగా దుఃఖిస్తున్నారని తక్కిన శిష్యులు అంటే, ఇతని కోసం కాకపోతే ఇంకెవరి కోసం అని అడిగాడు. ఆ చనిపోయిన శిష్యుడిలో లోటేమిటని ఆయన వెతకలేదు.

దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత సిమా చియాన్ అనే చరిత్రకారుడు ఇదే విషయాన్ని ఎంతో ధైర్యంగా ఎత్తుకున్నాడు. తన మహాచరిత్రలో వ్యక్తుల జీవితాలు చెప్పే భాగాన్ని ఆయన బోయీ, షూచీ అనే ఇద్దరు అన్నదమ్ములతో మొదలుపెట్టాడు. అన్యాయమని తాము నమ్మిన రాజవంశం ధాన్యం ముట్టుకోబోమని వాళ్లు షోయాంగ్ కొండకు వెళ్లి, అడవి ఆకులు తిని, ఆకలితో చనిపోయారు. పక్కనే యాన్ హుయి పేరు తలచుకున్నాడు. ఆ తర్వాత జి అనే బందిపోటును తెచ్చి నిలబెట్టాడు. రోజూ అమాయకుల్ని చంపి, వేలమంది ముఠాతో దేశాన్ని దోచి, చివరికి ముసలితనంలో హాయిగా పోయినవాడు. దైవమార్గానికి పక్షపాతం లేదు, అది ఎప్పుడూ మంచివాళ్ల వైపే ఉంటుందని అంటారే, నాకు తెలియక అడుగుతున్నాను, ఆ దైవమార్గం సరైనదేనా, కాదా అని ప్రశ్నించాడు.

ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకు ఉంది. ఓడిపోయి శత్రువులకు చిక్కిన ఒక సేనాని తరఫున చక్రవర్తి ముందు ఒక్క న్యాయమైన మాట మాట్లాడినందుకు, క్రీ.పూ. 98 ప్రాంతంలో ఆయనకు పుంసత్వం తీసేసే శిక్ష పడింది. మంచి మాటకు ఏ ఫలితం దక్కుతుందో తన ఒంటి మీదే చూసినవాడు. అయినా ఆయన మంచిని వదిలెయ్యమనలేదు. కొండ మీద చనిపోయిన ఆ అన్నదమ్ముల పేర్లు మరుగున పడకూడదనే కలం పట్టాడు. చైనా సంప్రదాయంలో ఆ చరిత్రకు ఉన్న స్థానం తెలిసినవాళ్లకు, ఈ ప్రశ్న ఎవరో బయటివాడి మాట కాదని, ఆ సంప్రదాయం గుండెలోంచి వచ్చిందని తెలుస్తుంది.

దీనికి తర్వాతివాళ్లు ఒక జవాబు తయారుచేసుకున్నారు. మంచివాడు బాధపడుతున్నాడంటే పూర్వీకుల తప్పుల బరువు మోస్తున్నాడని తావో మార్గపు పాత గ్రంథాల్లో ఒకటి వివరించింది. ‘మంచిని కూడబెట్టిన ఇంటికి శుభం మిగిలి ఉంటుంది, చెడును కూడబెట్టిన ఇంటికి కీడు మిగిలి ఉంటుంది’ అని మీరు ఇచ్చిన వాక్యం కూడా ఇంటి గురించే మాట్లాడుతుంది. మన పనులు మన పిల్లల మీద పడతాయన్న హెచ్చరికగా ఆ వాక్యం నాకు నచ్చుతుంది. ఇంట్లో జబ్బు పడినవాణ్ణి చూపించి తాతముత్తాతల మీద నేరం మోపడానికి వాడితే మాత్రం ఒప్పుకోలేను.

నాలాగే ఒప్పుకోనివాడు ఒకాయన మొదటి శతాబ్దంలోనే ఉన్నాడు. పేరు వాంగ్ చోంగ్. క్రీ.శ. 27లో పుట్టాడు. మంచికి దైవం బహుమతి ఇస్తుందని చెప్పే కథలన్నిటినీ ముందు వేసుకుని ఒక్కొక్కదాన్నీ పరీక్షించాడు. చూ రాజ్యాన్ని ఏలిన హుయి రాజు తింటున్న కూరలో జలగ కనిపించిందట. బయటపెడితే చట్టం ప్రకారం వంటవాళ్లకు మరణశిక్ష వెయ్యాలి, వెయ్యకపోతే చట్టానికి విలువ ఉండదు. అందుకని ఎవరూ చూడకుండా మింగేశాడు. ఆ దయకు మెచ్చి దైవం జలగను బయటికి పంపింది, పాత కడుపు జబ్బు కూడా నయం చేసింది అని కథ. వాంగ్ చోంగ్ ఏమన్నాడంటే, జలగ రక్తం తాగే పురుగు, రాజు కడుపులో ఉన్నది గడ్డకట్టిన రక్తమై ఉండొచ్చు, దాంతో జబ్బు తగ్గి ఉండొచ్చు, ఇందులో దైవం ఇచ్చిన బహుమతి ఏమీ లేదు. ఆ వైద్యం నిజమా కాదా అన్నది వేరే విషయం. రాజు అసలు మింగనే అక్కర్లేదు, వాళ్లను క్షమిస్తే సరిపోయేది కదా అని కూడా అన్నాడు. ఈ మాట చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. బహుమతి సంగతి పక్కన పెట్టి, చేసిన పని సరైనదా కాదా అని చూడటం ఇది.

ఖాతాల మీద కూడా ఇలాంటి అభ్యంతరమే వచ్చింది, అదీ లియావోఫాన్ పోయిన ముప్పై ఏళ్లలోపే. లియు జోంగ్‌జౌ అనే పండితుడు 1634లో తన సొంత ఆత్మపరీక్ష గ్రంథం తయారుచేశాడు. అందులో తప్పులకు మాత్రమే చోటిచ్చాడు. పైకి కనిపించే తప్పులనుంచి మనసు అడుగున ఉండే సూక్ష్మమైన వాటిదాకా వరసగా ఉంటాయి. పుణ్యాలకు ఒక్క గడి కూడా లేదు. పుణ్యం అంకెల్లో రాసుకోవడం మొదలుపెడితే మనసు లాభం చూడటం మొదలుపెడుతుందని ఆయన భయం. నేను ఎటువైపు అని అడిగితే, ఆ ఎర్ర ముద్రల ఇల్లాలి వైపే ఉంటాను. చదువురాని మనిషికి మంచి పని రోజూ గుర్తు చేసే సాధనం అది, తీసెయ్యమనలేను. కానీ లియు జోంగ్‌జౌ భయం కూడా నిజమే, మీ వ్యాసంలాంటివి చదివినప్పుడు ఇంకా నిజమనిపిస్తుంది. మింగ్ పాలన కూలాక, 1645లో హాంగ్‌జౌ నగరం కొత్త పాలకుల చేతికి చిక్కినప్పుడు ఆయన తిండి మానేసి చనిపోయాడు, ఆ కొండ మీది అన్నదమ్ములలాగే. ఆయన తప్పుల జాబితా రాసుకున్నది అదృష్టం కోసం కాదని చెప్పడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

గుర్రం కథ గురించి ఒక్క మాట. తప్పిపోయిన గుర్రం ఇంకో మంచి గుర్రాన్ని వెంటబెట్టుకు రావడం, దాని మీంచి పడి కొడుకు కాలు విరగడం, ఆ కుంటితనం వల్లే యుద్ధం నుంచి బతికిపోవడం మీరు బాగానే చెప్పారు. క్రీ.పూ. 139లో హాన్ చక్రవర్తికి సమర్పించిన గ్రంథంలోది ఆ కథ. మూలంలో ఇంకో సంగతి ఉంది. ఆ యుద్ధానికి వెళ్లిన సరిహద్దు యువకుల్లో పదిమందికి తొమ్మిదిమంది చనిపోయారు. ముసలాయన ఇల్లు నిలబడిన రోజునే చుట్టుపక్కల ఇళ్లన్నీ కూలిపోయాయి. ఆ పిల్లలు చెడ్డవాళ్లని గ్రంథం ఎక్కడా అనదు. ముసలాయన మంచివాడు కాబట్టి కొడుకు దక్కాడనీ అనదు. ఏది మంచికో ఏది చెడుకో అప్పుడే తేల్చకండి అని మాత్రమే చెబుతుంది. దాన్ని సద్గుణానికి బహుమతి దొరికిన కథల మధ్య పెట్టడం సరికాదు.

చైనా ఇళ్లల్లో ఇప్పటికీ కోరుకునే పంచ శుభాల జాబితా వాళ్ల అతి పాత గ్రంథాల్లో ఒకదానిలో ఉంది. దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన మనశ్శాంతి, సద్గుణం మీద ప్రేమ, ఆయువు తీరాక ప్రశాంతంగా పోవడం. నాలుగోది చూడండి. మంచితనం మీద ప్రేమ కలగడాన్ని అదృష్టం తెచ్చిపెట్టే సాధనంగా చెప్పకుండా, అదృష్టాల్లో ఒకటిగా లెక్కపెట్టారు. మంచిగా బతకాలని అనిపించడమే ఒక భాగ్యం. మిగతా నాలుగూ దొరకని మనిషికి కూడా ఇది దొరకవచ్చు. మా తమ్ముడికి దొరికింది.

ఈ మాటకు నిలువెత్తు రూపం కావాలంటే సాంగ్ వంశ కాలంలో ఫాన్ జోంగ్యాన్ ఉన్నాడు. 989లో పుట్టాడు, రెండేళ్ల వయసులో తండ్రి పోయాడు, పేదరికంలో చదివి పెద్ద మంత్రి అయ్యాడు. సూజౌలో ఒక స్థలం చూసి, ఇక్కడ ఇల్లు కడితే మీ వంశంలో తరతరాలూ మంత్రులే పుడతారని ఒక వాస్తు పండితుడు ఆయనతో అన్నాడని చెబుతారు. అంత మంచి స్థలమైతే ఒక్క నా ఇంటికే ఎందుకు అని ఆయన అక్కడ పాఠశాల పెట్టించాడట, ఊరి పిల్లలందరూ చదువుకోవడానికి. ఆ వాస్తు సంభాషణ కథే కావచ్చు, కానీ 1035లో సూజౌలో ఆయన స్థాపించిన పాఠశాల చరిత్ర. తర్వాత వెయ్యి ము పైగా పొలం కొని, ఆ రాబడితో తన వంశంలోని పేదలకు తిండి, బట్ట, పెళ్లి ఖర్చు, కర్మకాండల ఖర్చు అందేలా ఏర్పాటు చేశాడు. నియమాలు రాసి పెట్టాడు. అది రాజవంశాలు మారినా ఎనిమిది వందల ఏళ్లకు పైగా నడిచింది. మంచిని కూడబెట్టిన ఇల్లు అంటే ఏమిటో నాకు ఆ నియమావళి చదివాకే అర్థమైంది. దేవుడు పైనుంచి పంపిన శుభం ఏమీ లేదు అందులో. ఒకాయన ఆలోచించి చేసిన ఏర్పాటు ముప్పై తరాల ఆకలి తీర్చింది.

మీ పత్రికను నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను, ఆదివారం పేజీలు దాచుకుంటాను కూడా. అందుకే రెండు విషయాలు అడుగుతున్నాను. చైనా జ్ఞానం మీద మళ్లీ వ్యాసం వేసేటప్పుడు సిమా చియాన్ ప్రశ్న కూడా వెయ్యండి. అది లేకుండా లియావోఫాన్ కథ సగమే అవుతుంది. రెండోది, కష్టాల్లో ఉన్నవాళ్ల మంచితనంలో లోటు ఉన్నట్టే అన్న ఆ వాక్యం కన్ఫ్యూషియస్ మాట కాదని, వ్యాసకర్త సొంత అభిప్రాయమని వచ్చే ఆదివారం అదే పేజీలో నాలుగు వరసల్లో వివరణ ఇవ్వండి. ఆసుపత్రి వరండాల్లో కూర్చుని పేపరు తిరగేసేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు ఆ వివరణ చేరడం నాకు ముఖ్యం. నా ఉత్తరంలో చోటు చాలకపోతే లియావోఫాన్ భాగం తగ్గించుకోండి, రాన్ బోనియు కిటికీ దగ్గర జరిగింది మాత్రం తీసెయ్యకండి.

ఇట్లు,
ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైన మీ పాఠకురాలు